మొక్కు ఉందని తప్పించుకున్నా, ఇప్పుడు మేడారం తీసుకుపోతామంటున్నారు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది హనుమకొండ. నాకు 31 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం. పోయిన ఏడాది వేసవిలో పెళ్లయింది. అత్తగారిది పరకాల దగ్గర ఒక ఊరు. నా సమస్య వింటే నవ్వుతారేమో. నాకు మటన్ నచ్చదు. మాదేమీ శాకాహారుల ఇల్లు కాదు. అమ్మానాన్న, అన్న అందరూ తింటారు. నేను గుడ్డు తింటాను, చికెన్ ఎప్పుడన్నా రెండు ముక్కలు తింటాను. మటన్ వాసన తగిలితే మాత్రం ముద్ద దిగదు, చిన్నప్పటి నుంచీ అంతే. బిర్యానీ కూడా పెద్దగా ఎక్కదు. చాయ్ తాగను. కారం ఎక్కువైతే తట్టుకోలేను. ఫ్రెండ్స్ మండి తినడానికి హోటల్‌కు పోదామంటారు, ఒకే పళ్లెంలో ఐదుగురం చేతులు పెట్టి తినడం నా వల్ల కాదు. పోనీ ఇష్టమైనవి చెబుదామంటే ఇంకా నవ్వుతారు. ఉప్మా, నిన్నటి గిన్నెప్ప, జొన్న గటక, కాకరకాయ వేపుడు.

మొన్నటి దసరా పెళ్లయ్యాక మొదటిది. పండుగ గాంధీ జయంతి నాడే పడిందని అత్తగారింట్లో ముందురోజే యాటను కోశారు. అత్తమ్మ గంటెతో కూర తీసి నా పళ్లెంలో వేయబోతుంటే ఏం చెప్పాలో తోచక, "సమ్మక్కకు మొక్కుకున్నా అత్తమ్మా, ప్రమోషన్ వచ్చేదాకా ముక్క ముట్ట" అనేశాను. డిసెంబరులో ప్రమోషన్ నిజంగానే వచ్చింది! ఇప్పుడు ఈ నెల 28న మొదలయ్యే జాతరకు బండి మాట్లాడుతున్నారు. అక్కడే యాటను కోసి, మొక్కు తీరినంక మొదటి ముద్ద తానే తినిపిస్తానని అత్తమ్మ అంటోంది. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నా భార్యకు అసలు సంగతి తెలుసు, "నువ్వే చెప్పుకో" అంటోంది. తనకు మటన్ అంటే ప్రాణం. అయినా నా కోసం ఇంట్లో వండటం మానేసింది, అంత మంచిది. ఇందులోంచి ఎలా బయటపడాలి? నాలో ఏదైనా లోపం ఉందా? అందరిలా తినడం అలవాటు చేసుకోవాలా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: తమ్ముడూ, ముందు మేడారం సంగతి తేల్చుకుందాం. మటన్, మండి, చాయ్ ఆగుతాయి, జాతర ఆగదు. 28 బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది, 29న చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెకు చేరుతుంది. అల్లుడి మొక్కు ఫలించిందని మీ అత్తమ్మ ఈపాటికి వాడకట్టంతా చెప్పే ఉంటుంది. యాటకు బయానా కూడా ఇచ్చి ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ నీకు చెప్పడం కష్టమవుతుంది, ఆమెకు వినడం కష్టమవుతుంది. అందుకని ఈ వారమే వెళ్లి చెప్పు.

ఫోన్లో చెప్పకు. స్పీకర్ పెట్టి నలుగురికీ వినిపించే అలవాటు మన ఇళ్లలో ఉండనే ఉంది. భార్యతో చెప్పించకు, ఆ పిల్ల "నువ్వే చెప్పుకో" అనడంలో న్యాయం ఉంది. ఆమె చెబితే మా బిడ్డ మొగుణ్ని వెనకేసుకొస్తోందని అనుకుంటారు. భోజనాల వేళ అసలే వద్దు. తినే వేళ కాకుండా, అత్తమ్మ ఒక్కతే ఉన్నప్పుడు పక్కన కూర్చో. "అత్తమ్మా, నేను ఏ మొక్కూ మొక్కలే. నాకు చిన్నప్పటి సంది యాట కూర వాసన పడదు. కొత్తగా వచ్చిన, నువ్వు అంత కష్టపడి చేసినవ్, వద్దంటే బాధపడతవని నోటికొచ్చింది అన్న. అమ్మవారి పేరు చెప్పుడు తప్పే, మనసుల పెట్టుకోకు." ఇంతే. దీనికి ముందూ వెనకా ఏమీ తగిలించకు. నీ వంట బాగుంటది గానీ, మా అమ్మ వండినా తినను గానీ, అంటూ "గానీ"లు మొదలుపెడితే అసలు మాట వాటిలో మునిగిపోతుంది.

నా అంచనా ఏమిటంటే నువ్వు మటన్ తినవన్న మాటకు ఆమె పెద్దగా బాధపడదు. సమ్మక్క పేరు వాడుకున్నందుకు మాత్రం కాసేపు మౌనంగా ఉండొచ్చు, "లెంపలేసుకో" అనొచ్చు. అంటే వేసుకో. నీకు ఎంత పట్టింపు ఉందో నాకు తెలియదు, వాళ్లకు మాత్రం ఉంది. జాతరకు పోవడం మానకు. నీ ఎత్తు బంగారం, అంటే మేడారంలో బెల్లమే, నీ జీతంలోంచి నువ్వే కొను. తక్కెట్లో ఒక పక్కన కూర్చుని నీ బరువుకు సరితూగే బెల్లం తూయించుకుని తీసుకుపోయి గద్దె దగ్గర సమర్పించు. దానికి మొక్కు ఉండాలన్న నియమం ఏమీ లేదు. యాటను వద్దనకు, అది వాళ్ల పండుగ. జంపన్న వాగు దిక్కు చెట్ల కింద పొయ్యి పెట్టి వండుతుంటే నువ్వు ముఖం చిట్లించకుండా కట్టెలు అందియ్యి, నీళ్లు మోసుకురా. ఒక డజను గుడ్లు, రెండు కిలోల టమాటలు సంచిలో వేసుకుని పో. టమాట కోడిగుడ్డు కూర ఆ పొయ్యి మీదే పావుగంటలో అవుతుంది. పిల్లలు యాట కూర కన్నా ముందు దానికే ఎగబడకపోతే నన్నడుగు.

ఇక దసరా నాటి సంగతి ఆమె వైపు నుంచి కూడా చూడు. యాటను కోశాక నాలుగిళ్లవాళ్లు కుప్పలు పెట్టి పంచుకుంటారు. తలకాయ, కాళ్లు మంట మీద కాల్చాలి, కత్తితో గీకాలి, మళ్లీ కాల్చాలి. బోటి సంగతి చెప్పనక్కర్లేదు, వేడినీళ్లతో కడిగి, తిరగేసి, మళ్లీ కడిగి, తెల్లగా అయ్యేదాకా వదలరు. ఆ పని చేసిన చేతులకు రెండు రోజులు ఆ వాసన పోదు. ఇంత చాకిరీ ఎవరి కోసం? అల్లుడొస్తున్నాడని. నల్లి బొక్క ఎవరి పళ్లెంలో పడాలన్నది కూర పొయ్యి మీదికి ఎక్కకముందే నిర్ణయమైపోతుంది. అది తనకు పడలేదని అలిగి ఏళ్ల తరబడి అత్తగారింటి గడప తొక్కని అల్లుళ్ల కథలు మన దిక్కు ఊరికొకటి వింటాం. అలాంటి ఇంట్లో గంటె పళ్లెం మీదికి వచ్చిన తర్వాత వద్దంటే ఆమెకు ఏం అర్థమవుతుంది? ఉప్పెక్కువైందా, మర్యాదలో ఏమన్నా లోటు జరిగిందా, పిల్ల ఏమన్నా అన్నదా అని వెయ్యి అనుమానాలు. పండుగకు నాలుగు రోజుల ముందు మీ ఆవిడ ద్వారా "ఆయన యాట కూర తినడమ్మా, గుడ్డు చాలు" అన్న కబురు వెళ్లి ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు. తినకపోతే మన ఇళ్లలో సర్దుకుంటారు. వండేవాళ్లకు కావాల్సింది ముందుగా తెలియడం. వచ్చే దసరాకు, ఆ మధ్యలో వచ్చే ఒడిబియ్యానికీ, పుట్టువెంట్రుకలకూ అన్నింటికీ ఇదే పద్ధతి పెట్టుకో. పిలుపు వచ్చిన రోజే చెప్పెయ్యి.

నీలో లోపం ఉందా అని అడిగావు. 1931లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త పీటీసీ అనే పొడిని సీసాలోకి పోస్తుంటే కొంత గాలిలోకి లేచింది. పక్కనున్న ఆయన "అబ్బా, ఏం చేదు!" అన్నాడు. పొడికి ఇంకా దగ్గరగా ఉన్న ఫాక్స్‌కు మాత్రం ఏమీ అనిపించలేదు. ఇద్దరూ వాదించుకుని, నాలుక మీద వేసుకుని చూశారు. ఒకరికి కటిక చేదు, ఇంకొకరికి సప్పగా ఉంది. తర్వాత చాలామంది మీద పరీక్షిస్తే ఇది వంశపారంపర్యంగా వచ్చే తేడా అని తేలింది. కొత్తిమీర కూడా అంతే, కొందరికి సబ్బు నమిలినట్టు ఉంటుంది, దానికి వాసన పసిగట్టే ఒక జన్యువులోని తేడాతో సంబంధం ఉందని కనిపెట్టారు. ఒకే గిన్నెలోని కూర అందరి నోట్లోనూ ఒకే కూర కాదన్నమాట.

మటన్ వాసన కూడా నువ్వు ఊహించుకుంటున్నది కాదు. మేక, గొర్రె కొవ్వులో కొన్ని ప్రత్యేకమైన ఆమ్లాలు ఉంటాయి, ఆ వాసన వాటిదే. ముదురు పోతు మాంసంలో అది ఇంకా ఘాటుగా ఉంటుంది. మన ఆడవాళ్లు ఈ రసాయనాల పేర్లు చదువుకోకపోయినా పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి, నీరంతా ఇంకేదాకా ముందు వేపి, ఆ తర్వాతే ఎసరు పోయడం ఎందుకనుకున్నావు? వాసన అందరికీ తగులుతుంది. మీ ఆవిడకు అదే నోరూరిస్తుంది, నీకు కడుపులో తిప్పుతుంది. ఒక్కోసారి చిన్నప్పుడు ఏదో తిన్న పూటే వాంతులైతే, ఆ రోగానికి ఆ తిండే కారణం కాకపోయినా, శరీరం దాన్ని ఏళ్లపాటు దగ్గరికి రానివ్వదు. నీది అలాంటిదేమో మీ అమ్మను అడిగితే తెలుస్తుంది. తెలిసినా పెద్ద తేడా ఏమీ రాదులే.

అలవాటు చేసుకోవాలా? చిన్నపిల్లలకు కొత్త కూర ఏదైనా పది, పదిహేను సార్లు కొంచెం కొంచెం రుచి చూపిస్తే అలవాటవుతుందని చెబుతారు, చాలా ఇళ్లలో నిజమే. పెద్దవాళ్లూ కొన్ని అలవాటు చేసుకుంటారు. నీకే తినాలని మనసులో ఉంటే లేత మాంసంతో, కొవ్వు తీసేయించి, కైమాతో మొదలుపెట్టు. అలాంటి కోరిక నీ ఉత్తరంలో నాకు ఎక్కడా కనబడలేదు. బామ్మర్దుల నోరు మూయించడానికైతే ఆ తంటా ఎందుకు? నువ్వు గుడ్డు, పప్పు, పెరుగు తింటున్నావు. నీ పోషణకు మటన్ లేని లోటు ఏమీ ఉండదు.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. మొక్కు అబద్ధం నుంచి బయటపడ్డాక దాని స్థానంలో ఇంకో అబద్ధం తెచ్చి పెట్టకు. శనివారం అన్నావనుకో, ఆదివారం రమ్మంటారు. అయ్యప్ప మాల వేసుకున్నానంటే మండలం ఎప్పుడు పూర్తవుతుందో లెక్కపెట్టుకుని మరీ పిలుస్తారు. గ్యాస్ అంటే వాము నీళ్లు ఇచ్చి, పావుగంట ఆగి, "ఇప్పుడు ఎట్లుంది? రెండు ముక్కలు ఏస్తనా?" అంటారు. డాక్టర్ వద్దన్నాడని చెప్పావంటే ఇక అయిపోయావు. ఏ డాక్టర్, ఏం టెస్టులు చేయించినవ్, మా చిన్నాయనకు గూడ గిట్లనే అయింది, ఎంజీఎం ఆసుపత్రి దగ్గర ఫలానా ఆయనకు చూపించు అంటూ కూర మరిచిపోయి నీ ఆరోగ్యం మీద పడతారు. అలర్జీ అని మాత్రం అస్సలు చెప్పకు. పల్లీలు ఒక్క గింజ తగిలినా ఊపిరాడనివాళ్లు నిజంగా ఉంటారు. గిన్నెప్ప దగ్గర నుంచి పచ్చళ్ల దాకా మన తిండిలో పల్లీ లేనిదెక్కడ? ఇష్టం లేనివాళ్లందరూ అలర్జీ అంటుంటే, ప్రాణం మీదికొచ్చేవాళ్లు చెప్పినా "ఆఁ, కొంచెం తింటే ఏం కాదు" అనడం అలవాటైపోతుంది.

నచ్చదు అంటే ఎందుకు అంటారు. "ఏమో, నచ్చదు" అను. మళ్లీ అడుగుతారు. మళ్లీ నవ్వుతూ అదే అను. కారణం చెబితే జనం దాంతో వాదిస్తారు. కారణమే చెప్పకపోతే రెండు మూడు సార్లు అడిగి వేరే మాటల్లో పడతారు. నాకు డబుల్ కా మీఠా పడదు, పాలూ చక్కెరా పీల్చుకుని మెత్తబడ్డ ఆ బ్రెడ్డు నోట్లో పెట్టుకోలేను. మన పెళ్లిళ్లలో అది లేని బంతి ఉండదు కదా! మొదట్లో "షుగరా అక్కా?" అని జాలిగా అడిగేవాళ్లు. ఇప్పుడు మా చుట్టాల్లో వడ్డించేవాళ్లు నా దగ్గరికి రాగానే గిన్నె పక్కకు తిప్పి పోతారు. అంతకన్నా కావాల్సిన మర్యాద ఏముంది?

వద్దన్న దానితో పాటే ఏం కావాలో కూడా చెప్పడం నేర్చుకో. ఇంటికి వచ్చిన మనిషికి ఏం పెట్టాలో తెలియకపోతే ఆ ఇంటి ఇల్లాలికి కాళ్లూ చేతులూ ఆడవు. నీకు ఇష్టమైనవి ఎంత సులువైనవో చూడు! గిన్నెప్ప అడిగితే కాదనే అత్తమ్మ ఈ జిల్లాలో ఉండదు. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, కరివేపాకు, కారం వేసి పిండి గట్టిగా తడిపి, నూనె రాసిన లోతు గిన్నెలో అడుగుకూ అంచులకూ పలుచగా ఒత్తి, వేలితో అక్కడక్కడా బొక్కలు పొడిచి, వాటిలో తలా కాస్త నూనె పోసి, మూత పెట్టి సన్నటి సెగ మీద వదిలేస్తారు. ఒక వాయి దిగాక గిన్నె చల్లారితే గానీ రెండో వాయి ఒత్తడానికి చేయి పెట్టలేరు. అందుకే రెండు గిన్నెలు మార్చి మార్చి పెట్టుకుంటారు. కరీంనగర్ వాళ్లు దీన్నే సర్వపిండి అంటారు, వాళ్లకూ మనకూ ఎవరిది బాగుంటుందన్న పంచాయితీ తెగదు. వేడివేడిగా అంచు కరకరలాడుతుండగా తినేవాళ్లే ఎక్కువ. నీలాగా మరునాడు, అది చల్లబడి కొంచెం సాగుతూ ఉండగా, కారం పిండిలోకి బాగా దిగాక తినేవాళ్లు తక్కువే గానీ ఉన్నారు. "అత్తమ్మా, రెండు వాయిలు రేపటికి దాచు" అని అడిగి చూడు. వేడిది కాదని చల్లారినది అడిగే అల్లుడు ఆమెకు నల్లి బొక్క అల్లుడి కన్నా తక్కువ పనే పెడతాడు. గటక కూడా అంతే. జొన్న గటకలో మజ్జిగ పోసుకుని, పచ్చిపులుసు నంజుకుని తినే అల్లుణ్ని చూసి మీ మామ మురిసిపోతాడు, ఆయన చిన్నప్పటి తిండి అది.

ఉప్మా గురించి మాత్రం నేను నీ పక్షాన గట్టిగా నిలబడలేను. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. జనం తిట్టే ఉప్మా వేరు, మంచి ఉప్మా వేరు. రవ్వ వేపకుండా, నీళ్లు సరిగ్గా మరగకముందే పోసేసి, ఉండలు కట్టించి, చల్లారాక గోడకు మేకు కొట్టడానికి పనికొచ్చేలా చేసి పెట్టి, అది ఉప్మా తప్పంటారు. హాస్టల్లో చదివినవాళ్లకు దాని మీద కోపం పోవడం కష్టం. వాళ్లు నవ్వితే నవ్వనియ్యి, నీ ప్లేటు నువ్వు ఖాళీ చెయ్యి.

కారం సంగతి. "ఓరుగల్లోనివై కారం తినవా బావా" అని బామ్మర్ది వెక్కిరిస్తే అతన్ని ఎనుమాముల మార్కెట్‌కు తీసుకుపో. మన వరంగల్ పేరు మీద 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు తెచ్చుకున్న చపాట మిర్చి దేనికి పేరు పడ్డదో అడుగు. ఎర్రటి రంగుకు! టమాటలా గుండ్రంగా, కండగా ఉండి ఘాటు తక్కువగా ఉంటుంది కాబట్టే పచ్చళ్లకు ఎగబడి కొంటారు. ఓరుగల్లు మిరపకాయే కారం తక్కువైనప్పుడు ఓరుగల్లు అల్లుడికి ఏం వచ్చింది? కూరలో కారం ఎక్కువై నోరు మండితే మాత్రం నీళ్లు గటగటా తాగకు. మంట పుట్టించే పదార్థం నీళ్లలో కరగదు, నోరంతా పాకుతుంది. పెరుగు, పాలు తీసుకో, వాటిలోని ప్రొటీన్ దాన్ని పట్టుకుని లాగేస్తుంది.

చాయ్ దగ్గర పెద్ద చర్చ అక్కర్లేదు. ఎవరింటికి పోయినా ఆమె వంటింట్లోకి లేవకముందే "నాకు చాయ్ వద్దు వదినా, సల్ల ఉంటే ఇవ్వు" అను. పొయ్యి మీద పెట్టాక వద్దంటేనే తిట్టుకుంటారు. ఆఫీసులో చాయ్ బండి దగ్గరికి అందరితో పాటు పో, ఉట్టి చేతులతో నిలబడు. అక్కడ జనం పోయేది ముచ్చట్ల కోసం.

మండి విషయంలో నాకు నీ మీద జాలి కన్నా సానుభూతే ఎక్కువ. అది మాంసం, అన్నం కలిపి పెట్టే యెమెన్ దిక్కు వంట. నిజాం దగ్గర సైన్యంలో పనిచేయడానికి వచ్చిన అరబ్బుల సంతతి హైదరాబాద్ బార్కస్‌లో స్థిరపడింది. అక్కడి నుంచే మండి మన దాకా పాకింది. పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని కలిసి తినడం వాళ్లకు ఆత్మీయత, దాన్ని తక్కువ చేయక్కర్లేదు. మన ఇళ్లలో ఎంగిలి అంటే పట్టింపు ఎక్కువ, ఒకరు కొరికింది ఇంకొకరు తినకూడదని అమ్మ చేతిలో దెబ్బలు తిన్నవాళ్లమే అందరం. అలా పెరిగినవాడికి పక్కవాడి వేళ్లు తన అన్నంలోకి వస్తుంటే చేయి వెనక్కి పోవడంలో వింతేమీ లేదు. హోటల్లో కూర్చోగానే వెయిటర్‌ను ఒక ఖాళీ ప్లేటు అడుగు. ఇస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. మొదటి చేయి పడకముందే నీ వాటా అన్నం, చికెన్ అందులోకి తీసుకో. నలుగురూ తినడం మొదలుపెట్టాక అటూ ఇటూ చూస్తూ చెంచాతో అంచులు గీకుతూ కూర్చుంటేనే వాళ్లకూ నీకూ ఇబ్బంది.

బిల్లు దగ్గర కూడా మనసులో మాట మింగకు. నువ్వు పెరుగన్నం తిని, వాళ్లు ఫుల్ మటన్ మండి తిని, చివర్లో ఐదుగురికి సమానంగా పంచడం ఒకటి రెండుసార్లు బాగానే ఉంటుంది. ప్రతిసారీ అదే అయితే లోపల లెక్కలు పెరుగుతాయి. "నాది నేను వేరే ఇస్తరా" అని ఆర్డర్ ఇచ్చేటప్పుడే అనేయి. బిల్లు వచ్చాక అంటే పిసినారి అంటారు. ఇంకా మంచి దారి ఒకటుంది, కలిసే చోటు అప్పుడప్పుడు నువ్వే చెప్పడం. ఆదివారం పొద్దున టిఫిన్ సెంటర్ దగ్గర కలుద్దామను. అక్కడ ఎవరి ప్లేటు వాళ్లదే. లేదంటే పొద్దున్నే బయల్దేరి రామప్ప చూసుకుని లక్నవరం పోదామను, ఇంట్లోంచి పులిహోర కట్టించుకుపోండి. ఎప్పుడూ వాళ్లు పిలిస్తే రానని మొండికేసేవాడిగా కాకుండా, నువ్వూ పిలిచేవాడివైతే మండి పూట రాకపోయినా ఎవరూ పట్టించుకోరు.

ఒకటి మాత్రం కాపాడుకో. నాకు నచ్చదనే హక్కు నీకుంది. పక్కవాడి పళ్లెం చూసి "ఛీ, అదెట్ల తింటర్రా" అనే హక్కు ఎవరికీ లేదు, నీకూ లేదు. నీ ఉత్తరంలో ఆ ధోరణి కనబడలేదు, అయినా చెబుతున్నా. ఎందుకంటే ఏళ్ల తరబడి వెక్కిరింపులు పడ్డవాళ్లు ఒక్కోసారి అవకాశం దొరకగానే తామే మొదలుపెడతారు. బోటి తినేవాళ్లను, కల్లు తాగేవాళ్లను చిన్నచూపు చూసే మాటలు ఈ మధ్య పట్నంలో ఎక్కువయ్యాయి కూడా. ఆ గుంపులో చేరకు.

కొన్ని చోట్ల ఇష్టాయిష్టాలు గడప బయట వదిలిపెట్టాలి. గుళ్లో ప్రసాదం, సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లు చేతిలో పెట్టే మలీద, ఎవరైనా పోయిన ఇంట్లో దినాల నాడు పెట్టే అన్నం. మలీద నచ్చకపోయినా చిటికెడు నోట్లో వేసుకో. దినాల నాడు మాంసం వండుతారు, దాన్ని వదిలేసి అన్నంలో పప్పుచారో మజ్జిగో పోసుకుని నాలుగు ముద్దలు తిని లే. ఆ ఇంట్లో నీకు వేరే వండమని మాత్రం అడగకు.

ఇప్పుడు నీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ అభ్యంతరంగా కనబడిన మాట దగ్గరికి వస్తాను. నీ భార్యకు మటన్ ప్రాణమట, నీ కోసం మానేసిందట, "అంత మంచిది" అట. తమ్ముడూ, తొమ్మిది నెలల కింద పెళ్లయిన పిల్ల తనకు ప్రాణమైన తిండి మానేస్తే మురిసిపోవాల్సింది ఏముంది? నీకు నచ్చనిది ఎవరూ బలవంతంగా తినిపించకూడదని నువ్వు నాకు ఇంత పొడుగు ఉత్తరం రాశావు. తనకు నచ్చింది తినకుండా ఆమె ఉంటుంటే అది నీకు సమస్యగా తట్టలేదు. పుట్టింటికి పోయినప్పుడు తింటుందిలే అనుకుంటున్నావేమో. పెళ్లయ్యాక సొంత ఇంట్లో కడుపునిండా తినడానికి అమ్మ దగ్గరికి పోవాలా? రేపు పిల్లలు పుట్టాక వాళ్లకు ఏం నచ్చుతుందో ఎవరికి తెలుసు? ఇంట్లో మటన్ ఎప్పుడూ వండకపోతే వాళ్లకు ఆ సంగతి తెలిసే వీలే ఉండదు.

ఈ ఆదివారం పొద్దున సంచి పట్టుకుని నువ్వే దుకాణానికి పో. ఆలస్యంగా పోతే మంచి ముక్క ఉండదు, ఏడింటికల్లా అక్కడుండు. అర కిలో చాలు. "లేత యాటదేనా?" అని అడుగు. తొడ ముక్కలు వేయమను, కొవ్వు తియ్యమనకు, ఆమెకు అదే ఇష్టమై ఉండొచ్చు, ముందే అడిగి పో. ఇంట్లో దానికొక కుక్కర్, ఒక గిన్నె వేరుగా పెట్టుకోండి. వాసన అంటకుండా వంటింటి తలుపు దగ్గరగా వేసి, కిటికీ తీసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకోమను. కూర ఉడికే గంట నువ్వు భద్రకాళి చెరువు బండ్ మీద నడిచి రా. వచ్చాక పక్కనే కూర్చుని నీ కాకరకాయ వేపుడు నువ్వు తిను, ఆమె కూర ఆమె తింటుంది. గిన్నెలు మాత్రం ఆ రోజు నువ్వు తోము, ముక్కు మూసుకునైనా సరే.